నోరు తెరిచినంతసేపూ

కిందటి వారం భోజనం చేస్తుంటే కుడివైపు కింది దవడలో పన్నొకటి ఊడి అన్నంలోకి జారింది. రాయేమో అనుకుని కంచం అంచుకు నెట్టబోయి, చూసుకుంటే పన్ను. నడినెత్తిన వెండి సిమెంటు నల్లటి మచ్చ అలాగే ఉంది. పన్ను చచ్చింది గానీ సిమెంటు చావలేదు. కడిగి, మందుల పొట్లం కాగితంలో చుట్టి బీరువాలో పెట్టాను. మా ఆవిడ చూసి, "ఇంకా దాన్ని దాచుకోవడం కూడానా? ఆ రోజుల్లో అదంటే హడలి చచ్చారుగా" అంది.

నిజమే. ఆ పన్నంటే నేను భయపడ్డ రోజులున్నాయి. దానికి సిమెంటు పెట్టిన మనిషంటే అంతకన్నా భయపడ్డ రోజులున్నాయి. అసలు భయపడవలసింది నన్ను చూసి ఆయన.

ఆయన పేరు రాయను. రాసినా బందరులో ఎవరికీ తెలియదు. ఊరందరికీ ఆయన చైనా డాక్టరు గారు. కోర్టుల నుంచి బజారుకి వచ్చే దారిలో ఇరుకు గది, గది మీద ఆకుపచ్చ రేకు బోర్డు. బోర్డు మీద ఎర్రగా నవ్వుతున్న నోటి బొమ్మ, దాని కింద "చైనా పళ్ళ డాక్టరు. నొప్పి లేకుండా పళ్ళు తీయబడును, కట్టబడును." ఆ నవ్వే నోట్లో ముప్ఫై నాలుగు పళ్ళున్నాయని పనిలేని ప్లీడరు గుమాస్తాలు లెక్కపెట్టి తేల్చారు. ఆయన్నడిగితే, "రెండు కొసరండీ. బందరు హల్వా తినే ఊళ్ళో కొసరు పళ్ళు ఉండాలి" అనేవారు.

పొట్టి మనిషి. చెంప ఎముకలు ఎత్తు, కళ్ళు సన్నం. నవ్వితే ఎడమవైపు పన్ను మీద పన్ను కనిపించేది. ఊరందరి పళ్ళూ సరిచేస్తూ తన పన్ను అలా వదిలేశారేమని ఒకసారి అడిగాను. "అది మా ఇంటి ముద్రండీ. తీయించుకుంటే రేపు మావాళ్ళు నన్ను గుర్తుపట్టొద్దూ?" అన్నారు. హాస్యమాడారనుకున్నాను. మావాళ్ళంటే చైనాలో ఉన్నవాళ్ళనే అర్థం చేసుకున్నాను.

ఆయన దగ్గర కాలితో తొక్కే మర ఒకటుండేది. పాత కుట్టుమిషనుకి చెల్లెలు అనుకోండి. కాలు తొక్కుతుంటే తాడు తిరిగేది, తాడు తిరిగితే మన పంట్లో సూది తిరిగేది. కాలు తొక్కినంతసేపూ ఆయన నోరు కూడా ఆడేది. మాట్లాడేది మాత్రం ఒక్కటే విషయం. ప్రపంచం. నిన్నటి పేపరు తెల్లారేసరికి కంఠతా పట్టేవారు. ఏ దేశం ఎవరితో చేయి కలిపింది, ఎవరి ఓడలు ఎక్కడ లంగరు వేశాయి, ఢిల్లీలో మనవాళ్ళు ఏమన్నారు, ఏమనకుండా ఊరుకున్నారు. "విదేశాంగ విధానం నోరు తెరిచినవాడితోనే మాట్లాడాలండీ. ఎదురు చెప్పలేడు" అని, దూది ముక్క నోట్లో కుక్కి, "ఏమంటారు?" అని అడిగేవారు. మనం ఆఁ అంటే, "అదీ! మీరూ నా పక్షమే" అనేవారు.

ఇంకో సంగతి. కొరియా యుద్ధం ఎత్తారంటే మర వేగం పెరిగేది. పంచశీల గురించైతే నెమ్మదిగా, జోకొట్టినట్టు నడిచేది. ఈ రహస్యం తెలిసినవాళ్ళు కుర్చీ ఎక్కుతూనే, "డాక్టరు గారూ, పంచశీల సంగతి కాస్త చెప్పండి" అని ప్రాధేయపడేవాళ్ళు. సూయజు కాలువ గొడవ జరిగినన్నాళ్ళూ పళ్ళనొప్పి ఉన్నా ఆయన దగ్గరికి వెళ్ళనివాళ్ళు నాకు తెలుసు.

మన దేశం ఏ కూటమిలోనూ చేరకపోవడాన్ని పేపర్లవాళ్ళు తటస్థం అనేవాళ్ళు, కాలేజీ మేష్టర్లు అలీనం అనేవాళ్ళు. ఆయన దాన్ని నోట్లోంచే చెప్పేవారు. "పై దవడ అమెరికా, కింది దవడ రష్యా. మధ్యన నాలుక మనం. రెంటిలో ఏది లేకపోయినా నమల్లేం. అలాగని ఏ దవడకీ అతుక్కుపోకూడదు. నాలుక బతుకు కదులుతూ ఉండటంలో ఉందండీ. ఆగిందా, పంటి కింద పడిందే!"

ఒకరోజు దాన్నే ఇంకా తేలిక చేశారు. "ఢిల్లీలో అంతమంది పెద్దవాళ్ళు కూర్చుని అంత పొడుగు విధానం రాశారా? మా దివిసీమవాణ్ణడిగితే ఒక్క మాటలో తేల్చేవాడండీ. చూద్దాం. పిల్లనిస్తావా? చూద్దాం. ఎడ్లు రెండ్రోజులు ఎరువిస్తావా? చూద్దాం. ఇస్తానన్నాడా? అనలేదు. ఇవ్వనన్నాడా? అదీ అనలేదు. అడిగినవాడికి కోపం రాదు, వీడికి నష్టం రాదు. అమెరికా వాడు మాతో కలవమంటే చూద్దాం. రష్యా వాడు మాతో రమ్మంటే చూద్దాం. ఇంత గొప్ప మాట ఏ భాషలోనైనా ఉందా? ఏమంటారు?"

నేను ఆఁ అన్నాను. మా దివిసీమ అన్నారని ఆ రోజు నేను గమనించనే లేదు. దూది ఉన్నది నోట్లో గానీ చెవుల్లో కాదు. అయినా వినలేదు.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పక తప్పదు. అప్పట్లో నేను ఊళ్ళో ఒక ఆఫీసులో గుమాస్తాని. ఏ ఆఫీసో ఎందుకు లెండి. ఏడాదికోసారి అంగళ్ళన్నీ తిరిగి లైసెన్సు రిజిస్టరు నింపడం నా పని. ఆసియా, ఆఫ్రికా దేశాల వాళ్ళంతా ఒక చోట చేరి పెద్ద సభ పెట్టుకున్న ఏడాది కొత్త రకం రిజిస్టరు వచ్చింది. అందులో జాతీయత అని ఒక గడి. రిజిస్టరు చంకన పెట్టుకుని, పన్ను సలుపుతుంటే చెంప పట్టుకుని, రెండు పనులూ ఒకేసారి అవుతాయని ఆయన దగ్గరికి వెళ్ళాను.

"డాక్టరు గారూ, జాతీయత ఏం రాయమంటారు?"

ఆయన పకపకా నవ్వారు. "చూద్దామండీ! ముందు నోరు తెరవండి."

మత్తు సూది పొడిచి, ఈ పన్నుకే సిమెంటు పెట్టారు. "పాతికేళ్ళు ఢోకా లేదు" అన్నారు. మొద్దుబారిన మూతితో ఆఫీసుకొచ్చి చూసుకుంటే గడి ఖాళీగా ఉంది. మళ్ళీ వెళ్ళి అడగడానికి బద్ధకం. కలం మూత తీసి, చైనా అని రాశాను. అనుమానమే రాలేదు. బోర్డు మీద ఉంది, మొహం మీద ఉంది, పైగా ఆ రోజుల్లో అదొక గౌరవం. వీధివీధినా హిందీ చీనీ భాయీ భాయీ. ఆ మధ్యే ఒక స్కూలు సభలో ఆయన్ని వేదిక ఎక్కించి, మన ఊరి చైనా సోదరుడని బంతిపూల దండ వేశారు. ఆయన పన్ను మీద పన్ను కనిపించేలా నవ్వుతూ కూర్చున్నారు. తర్వాత అడిగితే, "దండ వేస్తామంటే మెడ లేదంటామా అండీ" అన్నారు.

ఏడేళ్ళు గడిచాయి. ఆ తర్వాత వచ్చాయి ఆ దసరా, దీపావళి రోజులు. చైనా సైన్యం కొండలు దిగి వస్తోందన్నారు. రేడియో ఉన్న ఇంటి ముందల్లా జనం. నోరు తిరగని ఊళ్ళ పేర్లు చెప్పేవాళ్ళు, అవి పోయాయనేవాళ్ళు. బ్రహ్మపుత్ర దాటితే మన దాకా ఎన్ని రోజులని స్టేషను ప్లాట్‌ఫారం మీద వాదనలు. మంగినపూడి దగ్గర సముద్రంలో ఏదో నల్లగా తేలుతోందని పరుగెత్తారు, తీరా చూస్తే తాటి దుంగ. లంకల్లో గొడుగులు కట్టుకుని మనుషులు దిగారన్నారు. ఎవరూ చూడలేదు, అందరూ నమ్మారు. మా ఆఫీసులోనే ఒకాయన ఇంట్లో చైనా బొమ్మల పత్రికతో పిల్లల పుస్తకాలకి అట్టలు వేశారట. ఆయన్ని పిలిపించి ఒక పూటంతా కూర్చోబెట్టారు. తిరిగొచ్చాక ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. మేమూ ఆయనతో మాట్లాడలేదు.

ఆ వారంలోనే పుట్టింది ఒక పుకారు. చైనా డాక్టరు కట్టిన పళ్ళల్లో వైర్‌లెస్సు ఉందట. మనం మాట్లాడే ప్రతి ముక్కా పీకింగు వెళ్తోందట.

నవ్వకండి. ఆనాడు ఎవరూ నవ్వలేదు. తెల్లారేసరికి బందరులో పెద్దమనుషులంతా బోసినోళ్ళతో తిరిగారు. ఒక పెద్ద ప్లీడరు గారు కట్టుడుపళ్ళు తీసి చేతిరుమాల్లో మూటగట్టి, కోర్టులో బోసినోటితోనే వాదించారు. ఆయన ఏమంటున్నారో జడ్జీ గారికి అర్థం కాలేదు గానీ, ఎందుకలా అంటున్నారో మాత్రం అర్థమైంది, ఊరుకున్నారు. ఒకావిడ పళ్ళసెట్టు బావిలో వేసి, ఆ నీళ్ళలోంచి కూడా వినపడుతుందేమోనని మళ్ళీ తీయించింది.

మా ఇంట్లో మా ఆవిడ అప్పుడు కడుపుతో ఉంది. నేను మాట్లాడుతుంటే నా చెంప వంక చూసేది. "ఏవండీ, మీ పంట్లో ఏం పెట్టాడో ఏమో! ఆఫీసు కబుర్లు ఇంట్లో చెప్పకండి" అంది. పిచ్చిదానా అని కసిరాను. కసిరింది కూడా గొంతు తగ్గించే. రెండు రోజులు నాలుక పదేపదే ఆ సిమెంటు మీదికే వెళ్ళింది. చల్లగా తగిలేది. అందులో ఏమీ లేదని నాకు తెలుసు. తెలిసి కూడా భయపడ్డాను. తెలియక భయపడ్డవాళ్ళని ఏమనగలను?

చివరికి ఆ సిమెంటు తీయించేద్దామని బయల్దేరాను. అందరూ భోజనాలకెళ్ళే వేళ చూసుకుని, అటూ ఇటూ చూసి, ఆ గదిలోకి దూరాను. బోర్డు దించి గోడకి తిప్పి పెట్టారు. ఆయన ఒక్కరే రోగి కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆ కుర్చీలో ఆయన్ని చూడటం అదే మొదలు. నన్ను చూసి లేచి, దులిపి, "రండి గుమాస్తా గారూ. వారమైంది మనిషి మొహం చూసి" అన్నారు.

చెంప చూపించి, "ఈ సిమెంటు..." అన్నాను.

ఆయనకి అర్థమైపోయింది. "మీకూనా?" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. అద్దం పెట్టి చూసి, "తీస్తే పన్ను పోతుందండీ. మంచి పన్ను. వైర్‌లెస్సు పెట్టేంత చోటుంటే ఇంకాస్త సిమెంటే పెట్టేవాణ్ణి" అన్నారు. అని, మర తొక్కకుండా, దూది పెట్టకుండా మాట్లాడారు. అలా మాట్లాడటం కూడా అదే మొదలు.

"పోలీసులొచ్చి కాగితాలడిగారండీ. నా దగ్గరేమున్నాయి? మా నాన్నది నాగాయలంక అవతల లంకలో పల్లె. కూలికి రంగం పోయాడు. రంగూన్ని మావాళ్ళు రంగమంటారుగా. అక్కడ బర్మా ఆవిణ్ణి చేసుకున్నాడు, ఆవిడ మా అమ్మ. ఈ కళ్ళు ఆవిడవి. పని నేర్పిన గురువు మాత్రం చైనా ఆయన. యుద్ధంలో జపాను వాళ్ళు బాంబులేస్తే నడిచి వచ్చేశాం. దారిలో అమ్మా నాన్నా పోయారు. నేను పట్టకార్ల సంచీతో మిగిలాను. గురువు దేశం పేరు బోర్డు మీద పెట్టుకున్నా. లంకవాడు పళ్ళు కడతానంటే ఎవరొస్తారు చెప్పండి?"

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఎవరడిగారండీ?" అన్నారు. తర్వాత మెల్లగా, "మీరడిగారు. నేనే చూద్దామన్నాను" అన్నారు.

ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఎంతమంది నోళ్ళలోనో ఒడుపుగా తిరిగిన వేళ్ళు నా మణికట్లని బిగించాయి. "పై నుంచి చైనావాళ్ళ జాబితా అడిగారట. మీ రిజిస్టర్లో నా పేరు దగ్గర చైనా అని ఉందట. ఆ గడి నేను నింపలేదు కదండీ? మీరే, 'బోర్డు చూసి రాశాను, మనిషినడిగి కాదు' అనండి. ఆ ఒక్క ముక్క రాసి సంతకం పెట్టండి చాలు. మా మేనత్త ఉంది లంకలో, తక్కింది ఆవిడ చూసుకుంటుంది. నన్ను ఎక్కడికి పంపుతారండీ? చైనా ఎటుందో కూడా నాకు తెలియదు."

ఒక్క ముక్క. రాయడానికి ఎంతసేపు? ఆ క్షణాన నా కళ్ళ ముందు కదిలినవి వేరు. ఒక పూటంతా కూర్చోబెట్టిన మా ఆఫీసాయన మొహం, మా ఆవిడ కడుపు, శత్రువుని వెనకేసుకొచ్చాడనే మాట. గవర్నమెంటు రిజిస్టర్లో ఊహించి రాశానని నా చేత్తో నేనే ఒప్పుకోవడం. నోరు తెరిచాను. దూది లేదు. ఆయన నా నోటి వంకే చూస్తున్నారు.

"చూద్దామండీ" అన్నాను.

ఆ మాట బయటికొచ్చాక గానీ అది ఎవరి మాటో నాకు స్ఫురించలేదు. ఆయన నా చేతులు వదిలేశారు. "ఒక సంగతి నేను కనిపెట్టలేదండీ," అన్నారు. "ఖాళీగా వదిలేసిన గడిని ఎవడో ఒకడు నింపుతాడు." అని, మూలకి వెళ్ళి చేతులు కడుక్కున్నారు. ఆ రోజు చేసిన పనేమీ లేదు. అయినా సబ్బు పెట్టి చాలాసేపు కడుక్కున్నారు.

మూడోనాడు పట్టుకెళ్ళారు. ఆఫీసు కిటికీలోంచి చూశాను. రిక్షాలో ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య, ఒళ్ళో పట్టకార్ల సంచీతో. దారికి అటూ ఇటూ జనం. చైనావాడా పో అని అరిచారు. అరిచినవాళ్ళలో సగం మందికి ఆయన కట్టిన పళ్ళే, భయపడి ఇంట్లో వదిలేసి వచ్చారు. నోట్లో పళ్ళు లేక ఆ మాట వాళ్ళకి సరిగ్గా పలకలేదు. ఆయన తల తిప్పి ఆ నోళ్ళ వంక చూశారు. ఎవరికి ఏ సెట్టు కట్టారో ఆయనకి తెలుసు కదా.

వారం తిరక్కుండా యుద్ధం ఆగిపోయింది. పుకార్లు చప్పబడ్డాయి. ఎవరి పళ్ళు వాళ్ళు కడుక్కుని పెట్టుకున్నారు. మన దేశం ఆయుధాల కోసం అమెరికాని అడిగిందనీ, రష్యా వాడు నొచ్చుకోకుండా చూసుకుంటోందనీ పేపర్లో చదివితే, నాలుక సంగతి ఆయన ఇప్పుడేమనేవారోనని అనుకునేవాణ్ణి. ఆయన మాత్రం రాలేదు. నేను ఆ ఒక్క ముక్కా టైపు చేశాను, అబద్ధమాడను. చేసి, మడిచి, సొరుగులో పెట్టాను. రేపు ఇద్దాం, రేపు ఇద్దామని.

సంక్రాంతి వెళ్ళాక ఒక మధ్యాహ్నం ఆఫీసు వరండాలో అలికిడైంది. ఆరుగురు మనుషులు, కాళ్ళకి చెప్పుల్లేవు, ఎండిన రేవు బురద మోకాళ్ళ దాకా. పడవెక్కి, బస్సెక్కి వచ్చారు. ముందు ఒక ముసలామె. చేతిలో బైబిలు పెట్టుకునే గుడ్డసంచీ. ఎవరడ్డు చెప్పినా ఆగకుండా మా ఆఫీసరు గారి బల్ల ముందుకొచ్చి నిలబడింది.

"అయ్యా, మా అన్న కొడుకుని చైనావోడని తీసుకుపోయారంట. ఆడు మావోడు."

"కాగితాలున్నాయా?" అన్నారు ఆఫీసరు గారు.

"ఉందయ్యా సాక్షం" అని వెనక్కి తిరిగి, "నోళ్ళు తెరవండ్రా" అంది.

వెనక ఉన్న ఐదుగురూ నోళ్ళు తెరిచారు. ఆమె వేలు పెట్టి ఒక్కొక్కరి ఎడమ చెంపా లాగి చూపించింది. తనది చివర చూపించింది. పన్ను మీద పన్ను. అందరికీ అదే వైపు, అదే పన్ను. మా ఇంటి ముద్రండీ అన్న మాట నా చెవిలో వినపడింది.

ఆఫీసరు గారు ఇబ్బందిగా నవ్వి, "పళ్ళు సాక్ష్యం కాదమ్మా, కాగితం కావాలి" అన్నారు.

"పన్ను అబద్ధమాడుద్దా అయ్యా? ఆడితే కాయితమే ఆడాల" అంది.

ఆయన నా వైపు తిరిగారు. "ఆ ఎంట్రీ నీ చేతిరాతేగా? ఏమడిగి రాశావయ్యా?"

అప్పటికి యుద్ధం ఆగి రెండు నెలలైంది. టైపు చేసిన కాగితం నా మోకాలికి తగులుతున్న సొరుగులో ఉంది. ముసలామె నోరింకా సగం తెరుచుకునే ఉంది. నన్నే చూస్తోంది. నేను లేచి నిలబడి, "రిజిస్టర్లో అలాగే ఉందండీ" అన్నాను.

అబద్ధమా? కాదు. రిజిస్టర్లో అలాగే ఉంది. అంతకన్నా తటస్థంగా ఏ దేశం మాత్రం మాట్లాడగలదు!

ముసలామె నోరు మూసుకుంది. "సరే బాబూ" అంది నాతో. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వాళ్ళు వరండా దిగి వెళ్ళిపోయాక నేల మీద బురద పొడి రాలి ఉంది. బంట్రోతు గొణుక్కుంటూ ఊడ్చాడు.

ఆమె ఊరుకోలేదని తర్వాత తెలిసింది. ఏ చర్చిలో వాళ్ళ అన్నకి బాప్తిస్మమిచ్చారో వెతికి, ఆ పాస్టరు గారి పాత పుస్తకం పట్టుకుని, తిరగని గుమ్మం లేకుండా తిరిగిందట. ఆ పుస్తకం రాసినవాడు గడులన్నీ అడిగే నింపాడు కాబోలు. ఎనిమిది నెలలకి ఆయన్ని వదిలారు. బందరు మాత్రం రాలేదు. ఆ గదిలో టైలరు చేరాడు. గోడ మీద బోర్డు ఉన్నచోట మేకు గుర్తులు చాన్నాళ్ళున్నాయి.

మళ్ళీ ఒక్కసారే చూశాను. మనకీ పాకిస్తాన్‌కీ యుద్ధం జరిగి, రష్యావాళ్ళు రాజీ కుదిర్చిన రోజులు. పనిమీద గుడివాడ వెళ్ళాను. స్టేషను రోడ్డులో ఒక చిన్న రేకు బోర్డు, దాని మీద నవ్వే నోటి బొమ్మ. కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. బొమ్మ కింద "పళ్ళు కట్టబడును" అని మాత్రమే ఉంది. ఏ దేశం పేరూ లేదు. పళ్ళు లెక్కపెట్టాను. సరిగ్గా ముప్ఫై రెండు.

లోపలికి వెళ్ళాను. జుట్టు నెరిసింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "కూర్చోండి" అన్నారు. కూర్చున్నాను. అద్దం పెట్టి ఈ పన్నే చూశారు. పక్కపన్ను పుచ్చిందన్నారు. మత్తు సూది పొడిచి, దూది పెట్టబోతుంటే భయమేసి, తొందరగా అన్నాను. "రష్యావాళ్ళు భలే రాజీ చేశారు కదండీ? చైనావాడు పాకిస్తాన్ వైపు, అమెరికావాడు ఎటూ తేల్చడు. ఏమంటారు?"

"నోరు తెరవండి" అన్నారు.

మర తొక్కారు. వేగం లేదు, నెమ్మది లేదు, గడియారం నడిచినట్టు ఒకటే నడక. పావుగంట. ఒక్క మాట లేదు. ఆ కుర్చీలో అన్నేళ్ళు నొప్పి పడ్డాను గానీ అంత భయం ఎన్నడూ పడలేదు. నవ్వుతారేమో, ఆ పన్ను మీద పన్ను ఇంకా ఉందేమో చూద్దామని కిందనుంచి ఆయన పెదాల వంకే చూశాను. నవ్వలేదు. ఉందో తీయించుకున్నారో నాకు తెలియలేదు.

ఇక తట్టుకోలేక ఆయన చెయ్యి పక్కకి నెట్టి, దూది ఉమ్మేసి, "తప్పు నాది. ఆ గడి నేనే నింపాను. ఇప్పుడు రాసిస్తాను, ఎవరికి రాయమంటే వాళ్ళకి" అన్నాను. ఏడుపొచ్చింది.

ఆయన సూది తుడిచి డబ్బాలో పెట్టారు. బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ఒళ్ళో పెట్టారు. గుడివాడలో అంగడి లైసెన్సుకి దరఖాస్తు. పేరు, ఊరు, వృత్తి అన్నీ నింపి ఉన్నాయి. జాతీయత గడి ఒక్కటే ఖాళీ.

"మూడు నెలలైందండీ తెచ్చి. అక్కడికొచ్చేసరికి నా చెయ్యి ఆడటం లేదు," అన్నారు. "మీ అక్షరం బాగుంటుంది. మీరు రాయండి."

కలం తీసి రాశాను. భారతీయుడు. నా జీవితంలో అంత నెమ్మదిగా ఏ మాటా రాయలేదు. కాగితం ఇవ్వబోతే తీసుకోలేదు.

"చదవండి" అన్నారు.

పెదాలు మొద్దుబారి ఉన్నాయి. "భారతీయుడు" అన్నాను. సగం గాలే వచ్చింది.

"సరిగ్గా వినపడలేదు. ఇంకోసారి."

చదివాను. ఆయన లేచి వీధి తలుపు రెక్క బార్లా తీశారు. బయట జట్కాలు, జనం. "గట్టిగా" అన్నారు. ఆ గొంతులో కసి లేదు. ఉన్నది భయం. ఆ రోజు నా చేతులు పట్టుకున్నప్పటి భయమే, మూడేళ్ళుగా తగ్గనిది. నేను లేచి నిలబడి, రోడ్డు మీది మనుషులు తిరిగి చూసేలా, చొంగ కారుతుండగా, ఆ మాట అరిచాను.

ఆయన కాగితం అందుకుని, అక్షరం వెంట అక్షరం వేలు పెట్టి చూసుకుని, మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నారు.

"ఇక భయం లేదు కదండీ?" అన్నాను.

"చూద్దామండీ" అన్నారు.